సారు పెట్టిన మూడు రాళ్లు

సారు పోయాడని సోమవారం పొద్దున బత్తలపల్లె బస్టాండు దగ్గర టీ తాగుతుంటే తెలిసింది. చెప్పింది మా పాత వెల్డరు. "మేస్త్రీ, ఆ గడియారం సారు పోయినాడంట. అనంతపురం ఆస్పత్రిలో" అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చేశాను.

నాకు ఆయన మీద పన్నెండేళ్ల కోపం ఉండేది. పోయినవాళ్ల గురించి అలాంటివి రాయకూడదంటారు. నేను రాస్తాను. అది చెప్పకపోతే ఆయన ఎలాంటి మనిషో మీకు తెలియదు.

నేను చదివింది ఐదో తరగతి. మా ఊరి బయట ఫ్యాక్టరీలో, ట్రాక్టరు వెనక కట్టే విత్తనాల గొర్రులు చేసేవాళ్లం. అందులో నేను మేస్త్రీని. షెడ్డు వెనక పొడుగ్గా ఒక ఇసుక పట్టె ఉండేది. గొర్రు కొన్న రైతు తన ఇంటి వేరుశనగ విత్తనాలు తువ్వాలులో మూటగట్టుకొని రావాలి. అది మా దగ్గర కట్టుబాటు. ఆ విత్తనాలు గొర్రులో పోసి, నలుగురం పట్టుకొని ఇసుక మీద లాగేవాళ్లం. తర్వాత నేను కూర్చుని, బెత్తెడుకొక గింజ పడిందా లేదా అని చేత్తో కొలుచుకుంటూ పోయేవాణ్ణి. ఎక్కడైనా గింజ పగిలినా, చోటు ఖాళీగా పోయినా, లోపలి చిల్లుల బిళ్ల మార్చేవాణ్ణి, లేదా ఆకురాయితో అరగదీసేవాణ్ణి. ఒక ఇంటి విత్తనం సన్నం, ఇంకో ఇంటిది లావు. మా నేలలో వాన పడి విత్తే పదును ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప. ఆ రోజు గొర్రు తప్పితే ఇక ఆ ఏడాది లేదు.

సారు అప్పుడు అనంతపురంలో కాలేజీ లెక్చరరు. పెద్ద కంపెనీల పోటీకి మాలాంటి చిన్న ఫ్యాక్టరీలు ఎలా తట్టుకోవాలి, పని ఎలా నడిపితే సరుకు తొందరగా బయటికి పోతుంది అన్నది ఆయన పరిశోధన. మెడలో ఒక గడియారం వేలాడేది. ఎవరు ఏ పని మొదలుపెట్టినా దాన్ని నొక్కేవాడు. షెడ్డు గడప దగ్గర చెప్పులు విప్పేవాడు.

"ఇనప రజను గుచ్చుకుంటాది సారూ, చెప్పులేసుకో" అంటే, "మీరు అన్నం తినే చోటు కదా మేస్త్రీ" అనేవాడు.

మధ్యాహ్నం ఓనరు గదిలో ఆయనకు హోటలు భోజనం పెట్టేవాళ్లు. అది వదిలేసి మా దగ్గర కూర్చుని నా క్యారియర్‌లో సంగటి తినేవాడు. "బెళుగుప్పలో మా అమ్మ చేసినట్టే ఉండాది" అని వేళ్లు నాకేవాడు. రాసేది పెన్సిలుతో, కానీ రబ్బరు వాడడు. తప్పు రాస్తే ఒక్క గీత గీసి పక్కన మళ్లీ రాసేవాడు. ఎందుకని అడిగాను. "చెరిపేస్తే తప్పు చేసింది నాకే గుర్తుండదు మేస్త్రీ" అన్నాడు.

ఇసుక పట్టె దగ్గర మాత్రం మాకు పడలేదు. "ఇదెందుకు చేస్తాండారు?" అని అడిగాడు. చదువుకున్నవాడికి, అందులోనూ సేద్యగాళ్ల ఇంటి బిడ్డకు, ఇది కూడా చెప్పాలా అని నాకు ఒళ్లు మండింది. "నీ గడియారాన్ని అడుగు" అన్నాను. అందరూ నవ్వారు. ఇంకో రోజు మళ్లీ అడిగాడు. "చెప్పినా నీకు అర్థం కాదులేప్పా" అన్నాను. మూడోసారి అడిగినప్పుడు బదులే ఇవ్వలేదు, బీడీ ముట్టించుకున్నాను.

పరిశోధన అయిపోయాక ఆయన రాసిచ్చిన కాగితాలను ఓనరు మా ముందు చదివాడు. ఇసుక పట్టె మీద ఒక్కో గొర్రుకు ముప్పావుగంట వృథా అవుతోంది, కారణం కనబడలేదు, తీసేయవచ్చు అని ఉంది. వారంలో ఇసుక మీద సిమెంటు పోశారు. తయారైన గొర్రులు నిలబెట్టుకోవడానికి చోటు దొరికిందని ఓనరు సంబరపడ్డాడు. విత్తనాల మూటతో వచ్చిన రైతులతో "ఇంక అవసరం లేదన్నా, తీసకపో" అన్నాడు. ఆ సిమెంటు మీద నేను కాలు పెట్టనని చెప్పి పని మానేశాను.

గొర్రులు తొందరగానే బయటికి పోయాయి. రెండు మూడేళ్లకు కొనేవాళ్లు తగ్గారు. ఏ గొర్రయినా ఒకటే అయినప్పుడు చవకది కొంటారు, పంజాబు నుంచి వచ్చేది చవక. షెడ్డులో ముప్పై మంది ఉండేవాళ్లం, ఇప్పుడు ఆరుగురు. దీనంతటికీ సారే కారణమని టీ అంగట్లో, పెళ్లిళ్లలో, చావులలో అందరికీ చెప్పాను.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఆయన నా ఇంటికి వచ్చాడు. సగం మనిషి అయిపోయాడు. గడపలో చెప్పులు విప్పుతుంటే గుర్తుపట్టాను.

"ఏమప్పా సారూ, ఈడ ఏం కొలుస్తావు?" అన్నాను. కూర్చోమని కూడా అనలేదు.

ఆయనే కింద కూర్చున్నాడు. "మా అన్న కూడా ఆ గొర్రే కొన్నాడు మేస్త్రీ. నేనే కొనిచ్చినా. వాన ఒకే ఒకటి పడింది. సాలులో మూరకొక గింజ మొలిచింది. ఆయన నన్నొక మాట కూడా అనలా."

"అయితే అప్పుడే తెలుసు నీకు. ఇన్నేళ్లు యాడ పోతివి?"

"సిగ్గుపడినా."

 ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పనిది అప్పుడు నా నోటికి వచ్చింది. "మూడుసార్లు అడిగితివి. నేను చెప్పకపోతిని" అన్నాను.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు.

పెరట్లో ఇంటి పనికి తోలిన ఇసుక ఉంది. నేను, నా అల్లుడు, వెల్డరు దాన్ని పట్టెగా పరిచాం. పాత గొర్రు ఒకటి తెచ్చి, విత్తనాలు పోసి లాగాం. సారు మోకాళ్ల మీద పాకుతూ నా మాదిరే చేత్తో బెత్తెడు బెత్తెడుగా కొలిచాడు. గింజ పడని చోట గులకరాయి పెట్టాడు. మూడు రాళ్లు పడ్డాయి. గడియారం తీసి జేబులో వేసుకుని అంతా రాసుకున్నాడు. ఆయాసంతో మధ్యమధ్యలో ఆగాడు. ఆ రోజు సంగటి రెండు ముద్దలు తిన్నాడు.

ఆ వారమే పన్నెండు పేజీలు రాసి ఫ్యాక్టరీలో ఇచ్చాడు. ఇప్పుడు నడిపేది చిన్న ఓనరు. నేనూ వెంట వెళ్లాను. తన పాత పేజీ మీద గీత గీసి, పక్కన "ఇక్కడ నేను తప్పు చేశాను" అని రాసి తెచ్చాడు. సిమెంటు పగలగొట్టి ఇసుక వేయండి, రైతును విత్తనాలతో రమ్మనండి, మీ దగ్గర ఉండి ఇంకెవరి దగ్గరా లేనిది అదొక్కటే అన్నాడు. చిన్న ఓనరు కాగితాలు సొరుగులో పెట్టి "చూద్దాం సార్" అన్నాడు. బయటికి వచ్చాక సారు నా చెయ్యి పట్టుకుని "ఇసుక వేయిస్తా మేస్త్రీ, ఇది నా మాట" అన్నాడు. మూడుసార్లు వెళ్లి అడిగాడని తర్వాత తెలిసింది. మూడుసార్లూ చూద్దామనే చెప్పారు.

చిన్న ఓనరూ, ఇది నువ్వు చదువుతావు, లేదంటే ఎవరైనా చదివి చెబుతారు. వచ్చే గురువారం సారు పెద్దకర్మ. ఆ రోజు పొద్దున బెళుగుప్ప బస్సు ఎక్కేలోపల నాకు జవాబు కావాలి. సిమెంటు పగలగొడతావా, లేదా. చూద్దాం అనేది జవాబు కాదు. సారు వాళ్ల అన్న ముందర నేను ఏదో ఒకటి చెప్పాలి.

పెరట్లో ఇసుక ఇంకా అలాగే ఉంది. గింజలు కోళ్లు తినేశాయి. ఆయన మోకాళ్ల గుంటలు గాలికి పూడిపోయాయి. మూడు రాళ్లు మాత్రం ఆయన పెట్టిన చోటే ఉన్నాయి. ఊడ్చేటప్పుడు వాటి చుట్టూ ఊడవమని మా ఇంట్లో చెప్పాను.