బుధవారం నాలుగో పీరియడ్

దయ్యాలను నమ్మేవాడు వ్యాపారానికి పనికిరాడని మా నాయన అంటుంటాడు. వరంగల్ చౌరస్తా దగ్గర మాది స్టీలు సామాన్ల దుకాణం. అమావాస్య అని పక్కవాళ్లు షట్టర్లు దించుకుంటే, ఆ రోజు గిరాకీ అంతా మనదే అని ఆయన పొద్దున్నే తెరిచేవాడు. ఆయన కొడుకును నేను. చదువు చెప్పుకొని బతుకుతున్నా నా బుద్ధి ఇంకా తక్కెడ దగ్గరే ఉంటుంది. కూరగాయల మీద కరివేపాకు కొసరు రాకపోతే ఆ పూట నాకు అన్నం సహించదు.

అలాంటి నాకు నిరుడు మా బడి ఆఫీసు గదిలో, పట్టపగలు, ఒక కంప్యూటర్ ముందు జరిగింది చెబుతాను. భయపెట్టడానికి కాదు. ఇది ఇందువల్ల జరిగిందని ఎవరైనా చెబుతారేమోనని.

మాది ప్రైవేటు హైస్కూలు. పదో తరగతికి లెక్కలు చెబుతాను. టైంటేబుల్ వేసే పని కూడా నాదే. చాలా ఏళ్లు చేత్తోనే వేశాను. పాత పెళ్లికార్డులను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో టీచరు పేరు రాసి, జంపఖానా మీద పరిచి జరుపుకుంటూ కూర్చునేవాడిని. అందులో సగం లెక్క, సగం బేరం. పొద్దున మొదటి పీరియడ్ వద్దన్నవాళ్లకు శనివారం చివరి పీరియడ్ అంటగట్టేవాడిని. శనివారం చివరి పీరియడ్ అంటే పిల్లల కాళ్లు అప్పటికే గేటు బయట ఉంటాయి. దాన్ని అమ్మగలిగినవాడు దేన్నైనా అమ్మగలడు.

నిరుడు బడి తెరిచాక యాజమాన్యం ఈ పనికి ఒక సాఫ్ట్‌వేర్ కొంది. బేరం నాకే అప్పగించారు. అమ్మడానికి వచ్చినతను వెళ్లేలోపు, రెండు రోజులు వచ్చి నేర్పడం, ఏడాది పొడుగునా ఫోన్ చేస్తే పలకడం, రెండూ కొసరు కింద రాబట్టాను.

అది పనిచేసే తీరు సులువే. టీచర్లు, తరగతులు, ఎవరికి ఎన్ని పీరియడ్లు, ఎవరికి ఎప్పుడు కుదరదు, అన్నీ ఎక్కించాలి. ఒక బటన్ నొక్కితే వేల రకాలుగా కలిపి చూసుకొని నాలుగు నిమిషాల్లో టైంటేబుల్ ఇస్తుంది. మళ్లీ నొక్కితే ఇంకో రకంగా ఇస్తుంది. ప్రతి టీచరుకూ వారానికి ఐదారు పీరియడ్లు ఖాళీ వస్తాయి. నొక్కిన ప్రతిసారీ ఆ ఖాళీలు అటూ ఇటూ మారిపోతుంటాయి.

ఒక్కటి మాత్రం మారలేదు. బయాలజీ చెప్పే స్వరూప మేడంకు బుధవారం నాలుగో పీరియడ్.

మొదట గమనించలేదు. నాలుగోసారి నొక్కినప్పుడు అనుమానం వచ్చి, పాత కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాను. అన్నింట్లోనూ ఆ గడి ఖాళీ. మళ్లీ నొక్కాను. మొత్తం పదకొండుసార్లు నొక్కాను. అందరి ఖాళీలూ మారాయి, ఆమెవి మిగతావీ మారాయి, ఆ గడి మారలేదు. ఆమె నన్ను అడగలేదు. నేను అలా పెట్టమని ఎక్కడా చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ అతను చూసి, "ఏ రూలూ లేదు సార్, అట్ల పడ్డది" అన్నాడు. సరే, పడితే పడిందని అచ్చు తీసి నోటీసు బోర్డుకు అంటించాను.

స్వరూప మేడం ఇల్లు కొత్తవాడలో, బడికి స్కూటీ మీద ఏడెనిమిది నిమిషాలు. ఆమె, వాళ్లక్క, ఇద్దరే ఉంటారు. తల్లి పోయాక ఆ అక్కే జంపఖానాలు నేసి చెల్లెల్ని చదివించింది. పెళ్లి కూడా చేసుకోలేదు. నాలుగో పీరియడ్ అయిపోగానే భోజనాల గంట. కాబట్టి బుధవారం మేడంకు గంటన్నర కలిసివచ్చింది. ఇంటికి వెళ్లి మగ్గం పక్కనే అక్కతో కలిసి తిని వచ్చేది. ఈ సంగతి తర్వాత తెలిసింది.

ఇక సోషల్ చెప్పే కొమురయ్య సార్ సంగతి. ఆయనది రఘునాథపల్లి, రోజూ బస్సులో వస్తాడు. పత్తి ఏరే రోజులు వచ్చాయి. ఆయన చేనుకు కూలీలు దొరికింది బుధవారాలు. మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టుకుంటానని, నాలుగో పీరియడ్ కూడా తప్పిస్తే పన్నెండు గంటల బస్సు అందుతుందని నా వెంట పడ్డాడు.

"నాకేమొస్తది కొమురన్నా?" అన్నాను.

"శనివారం ఆఖరి పీరియడ్ నేను తీస్కుంట. ఏడాది మొత్తం!"

అడక్కుండానే అంత పెద్ద మాట. శనివారం చివరి పీరియడ్ దానంతటదే వచ్చి కొంగులో పడుతుంటే కాదనడానికి నేను దుకాణం ఇంట్లో పుట్టి ఉండకూడదు. పైగా మా వాడకట్టులో ఒక పద్ధతి ఉంది. ఖాళీగా పడి ఉన్న దుకాణం గదిని, మడిగెను, చూస్తూ ఊరుకోరు. ఎవరో ఒకరికి అద్దెకు ఇచ్చేస్తారు. స్వరూప మేడం ఖాళీ నా కంటికి అలాంటి మడిగెలాగే కనిపించింది.

కంప్యూటర్‌లో కొమురయ్య సార్ సోషల్‌ను గురువారానికి జరిపి, అదే తరగతికి ఉన్న ఆమె గురువారం బయాలజీని తెచ్చి బుధవారం గడిలో పెట్టబోయాను. తీసుకోలేదు. ఎర్రగా మెరిసి వెనక్కి వెళ్లిపోయింది. కారణం చూపించలేదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి విసుగు పుట్టింది. నోటీసు బోర్డు మీద కాగితాన్నే దించి, వైట్‌నర్ పూసి, పెన్నుతో రాశాను. మిషన్ ఒప్పుకోకపోతే కాగితం ఒప్పుకుంది.

స్వరూప మేడం వచ్చి నిలబడింది. "బుధవారం అక్క నా కోసమని అన్నం తినకుండ కూసుంటది సార్" అంది.

"గురువారం నాలుగో పీరియడ్ ఖాళీ అయింది కదమ్మా. బుధవారం తినేది గురువారం తినండి. ఒక్క రోజేగా తేడా."

ఆమె నవ్వింది. "మీతోని బేరంల గెల్శెటోళ్లు లేరు సార్" అని వెళ్లిపోయింది. అది పొగడ్త అనుకొని ఆ పూటంతా కులాసాగా తిరిగాను.

మార్చాక మొదటి బుధవారం ఏమీ జరగలేదు. రెండో బుధవారం నాలుగో పీరియడ్ నాకు ఖాళీ. ఆఫీసులో కూర్చొని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. క్లాసు జరుగుతున్నప్పుడు టీచర్ల దగ్గర ఫోన్లు ఉండకూడదన్న నియమం కూడా నేను పెట్టించిందే. అందరి ఫోన్లూ ఒక స్టీలు డబ్బాలో వేయాలి. ఆ డబ్బా మా దుకాణందే.

అందులో ఒక ఫోన్ మోగింది. శబ్దం తగ్గించి పెట్టిన ఫోనే కానీ, స్టీలు కదా, గుర్రుమని డబ్బా అంతా వణికింది. లోను ఇస్తామనే వాళ్లయి ఉంటారనుకున్నాను. ఆగి, మళ్లీ మోగింది. దిద్దుతున్న లెక్క తప్పింది. లేచి డబ్బా కింద ఒక పాత ఫైలు పెట్టాను. మూడోసారి మోగినప్పుడు శబ్దం సన్నగా వచ్చింది. ఫైలు పెట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

భోజనాల గంట కొట్టాక స్వరూప మేడం వచ్చి ఫోన్ తీసుకుంది. మూడు మిస్డ్ కాల్స్, మూడూ అక్కవే. పదకొండు యాభై రెండు, యాభై మూడు, యాభై ఏడు. తిరిగి చేస్తే ఎత్తలేదు. ఆమె స్కూటీ తాళం కోసం సంచి వెతుకుతుంటే, అది దొరికేదాకా ఆగకుండా నేనే నా బండి మీద ఎక్కించుకొని వెళ్లాను.

అక్క మగ్గం పక్కన ఒరిగి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. మాట లేదు. కుడి చెయ్యి లేవడం లేదు. మూత పెట్టిన రెండు కంచాలు గోడ వారగా ఉన్నాయి. గురువారం అని చెప్పినా బుధవారం కూడా ఆమె చెల్లెలి కోసం చూస్తూనే ఉందన్నమాట.

దవాఖానలో డాక్టరు, గంట ముందు తెచ్చి ఉంటే చెయ్యి, మాట దక్కేవేమో అన్నాడు. 'ఏమో' అనే అన్నాడు. నేను ఆ 'ఏమో'ను పట్టుకొని ఇన్నాళ్లుగా లాగుతున్నాను, అది నా వైపు రావడం లేదు.

అక్క బతికింది. ఇప్పుడు పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది. మాట రాలేదు. ఆ మూడు ఫోన్లలో ఏం చెప్పబోయిందో ఎవరికీ తెలియదు. మగ్గం మీద సగం నేసిన జంపఖానా అలాగే ఉంది. స్వరూప మేడం నన్ను ఒక్క మాటా అనలేదు. నేనే నోరు తెరవబోతే, "మీరేం జేస్తరు సార్, కాళీ ఉన్నది ఎవలకో ఒకలకు ఇయ్యాల్నే గద" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే కంప్యూటర్ ముందు కూర్చొని, వైట్‌నర్ పూసిన కాగితం చింపేసి, ఆ బుధవారం గడి ఖాళీగానే ఉంచుదామని మళ్లీ బటన్ నొక్కాను. స్వరూప మేడం బుధవారం నాలుగో పీరియడ్‌లో ఎనిమిదో తరగతి బయాలజీ వచ్చి కూర్చుంది. మళ్లీ నొక్కాను. ఈసారి ఖాళీ. మళ్లీ నొక్కాను. పదో తరగతి. ఏ అడ్డమూ లేదు. అందరి గడుల్లాగే అదీ మారుతోంది.

అప్పుడు కింద వరుసలో నా పేరు చూశాను. శుక్రవారం రెండో పీరియడ్ ఖాళీ.

పదకొండుసార్లు నొక్కాను. పదకొండుసార్లూ ఖాళీ.

కొసరు కింద రాబట్టిన ఫోన్ అప్పుడు పనికొచ్చింది. సాఫ్ట్‌వేర్ అతను తన ఊరి నుంచే మా కంప్యూటర్‌లోకి వచ్చి గంటసేపు వెతికాడు. "మీ పేరు మీద ఏం లేదు సార్. ఎందుకు ఫికర్? కాళీ దొరికితే చాయ్ తాగుండ్రి" అన్నాడు. పదకొండుసార్లు ఒకేలా పడడం అసాధ్యం కాదు. లెక్కల మాస్టర్‌ను, నాకు తెలుసు. రెండు వేర్వేరు గడులు ఒకదాని తర్వాత ఒకటి అలా పడడానికి లెక్క వేయబోయి సగంలో ఆపేశాను.

తెలిసిన విద్య ఒక్కటే, బేరం. మిషన్‌తో మొదలుపెట్టాను. సోమవారం మొదటి పీరియడ్ నాకే వెయ్యమన్నాను. వేసింది. మూడో అంతస్తు తరగతికి కూడా నేనే ఎక్కి వెళ్తానన్నాను. తీసుకుంది. చివరికి కొమురయ్య సార్‌కు అంటగట్టిన శనివారం చివరి పీరియడ్ కూడా వెనక్కి తెచ్చి నా పేరు మీద పెట్టాను. ఇచ్చినవన్నీ తీసుకుంది. శుక్రవారం గడి మాత్రం వదల్లేదు. నలభై ఏళ్లలో అలాంటి గిరాకీని మా దుకాణంలో కూడా చూడలేదు.

ఇదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమంటే నమ్మను, యాదృచ్ఛికమంటే నిద్ర పట్టదు. ఆ గడిని ఎవరికీ ఇవ్వలేదు. "సార్ తనకు తనే కాళీ పెట్టుకున్నడు" అని స్టాఫ్‌రూమ్‌లో అంటున్నారు. అననీ.

శుక్రవారం రెండో పీరియడ్‌లో నా ఫోన్ డబ్బాలో ఉండదు, చేతిలో ఉంటుంది. ఎవరి ఫోన్ వస్తుందో, ఎవరి కోసం ఎదురుచూడాలో తెలియదు. అందుకని నేనే చేస్తాను. ముందు నా భార్యకు, తర్వాత హాస్టల్లో ఉన్న బిడ్డకు, చివరగా దుకాణంలో నాయనకు.

"బోణీ గాకముందే ఏం ఫోనురా నీది?" అని ప్రతి వారం ఆయన కసురుకుంటాడు.

ఏం లేదు నాయనా, ఊకెనే అంటాను. ఆయన ఫోన్ కట్ చెయ్యడం మరిచిపోయి గల్లాపెట్టె మీద పెట్టేస్తాడు. గిన్నెలు ఒక్కొక్కటిగా కొక్కేలకు తగిలిస్తున్న చప్పుడు వినిపిస్తుంది. గంట కొట్టేదాకా వింటూ కూర్చుంటాను.