దిగే గచ్చు మీద వడ్లు

ఇరవై రెండేళ్లుగా హెలికాప్టర్లు బాగుచేస్తున్న ఫెలిసిదాద్ దుమ్‌లావ్‌కు యంత్రాల మీద ఏనాడూ విసుగు రాలేదు. చెడిన యంత్రం తన లోపం తానే చూపిస్తుంది. మనుషులే చూపించరు.

బులకాన్ ప్రాంతంలో ఆమె పనిచేసే శిక్షణా మైదానంలో హెలికాప్టర్లు దిగే గచ్చు ఒక్కటే. కోతలైతే చాలు, ఊరంతా దాని మీదే వడ్లు ఎండబోస్తుంది. తీయమనడానికి ఎవరికీ నోరు రాదు. ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకుంటారని మొహమాటం. అందుకే ఇంజను తగ్గించి దిగే అభ్యాసం పక్కనున్న గడ్డిలోకి మారుతుంది. గచ్చు మీదైతే హెలికాప్టరు కింది గొట్టాలు కాస్త జారి ఆగుతాయి. గడ్డిలో గేదె గిట్టల గుంటలున్నాయి. గొట్టం గుంటలో ఇరుక్కుంటే బండి పక్కకు ఒరగక ఏం చేస్తుంది?

మూడేళ్లలో ఇది మూడో ప్రమాదం. ఈసారి రెక్కలు నేలకు కొట్టుకుని ముక్కలయ్యాయి; నేర్చుకుంటున్న అమ్మాయి భుజం విరిగింది. ఆమెను ఆసుపత్రికి పంపగానే శిక్షకుడు కెప్టెన్ ఎస్కుదెరో నివేదిక కాగితం పట్టుకొచ్చాడు.

“ఆతె ఫెలీ,” అక్కా అన్నట్టు పిలిచాడు, “గొట్టానికి ముందే పగులుందని రాసెయ్. ఎవరికీ ఇబ్బంది ఉండదు.”

“నాకుండదా కెప్టెన్? పొద్దున అంతా చూసి సంతకం పెట్టింది నేనేగా! పగులు కనబడని గుడ్డిదాన్నని నా చేత్తో నేనే రాసుకోవాలా? లైసెన్సు పోతే మీ ఇంట్లో అంట్లు తోమనా?”

“మరేం రాస్తావు, వడ్లనా? సగం మీ అన్నవే.”

అది నిజం. గచ్చు అంచున గొడుగు కింద కూర్చున్న ఆమె అన్న తెయోదోరో అప్పుడే కేకేశాడు.

“ఫెలీ! మీ బండి గాలికి నా వడ్లన్నీ చెదిరిపోయాయి, చూశావా?”

“కుయా, అన్నా, ఒక పిల్ల భుజం విరిగింది!”

“అయ్యో పాపం. శుభ్రంగా గచ్చు మీద దిగొచ్చుగా?”

“ఎక్కడ దిగాలి, నీ నెత్తి మీదా?”

ఆమె కాగితం లాక్కుని రాసింది: దిగే చోటున వడ్లు, గడ్డిలో దిగమన్న కెప్టెన్, మూడేళ్లుగా తెలిసీ నోరెత్తని తనూ. వడ్లు ఎండబోసినవాళ్ల జాబితాలో మొదటి పేరు తెయోదోరో దుమ్‌లావ్.

“సొంత అన్న పేరా!” కెప్టెన్ నోరెళ్లబెట్టాడు.

“మీ పేరు దానికి పైనే ఉంది, చదువుకోండి.”

ఆ కాగితం తనే ఆఫీసులో ఇచ్చి, తిరిగొచ్చి అన్నకు విషయం చెప్పింది. ఆయన వడ్లు బస్తాల్లోకి ఎత్తసాగాడు. ఆయన ఎత్తడం చూసి మిగతావాళ్లూ లేచారు. సాయంత్రానికి గచ్చు ఖాళీ.

అన్న ఇంట్లో ఆదివారం భోజనానికి ఈసారి మాత్రం ఆమెకు పిలుపు రాలేదు.