గాజు తొట్టెలో వేలెడు సున్నం

మా ఇంట్లో గాజు తొట్టెలోని చేపలు ఎందుకు చచ్చిపోయాయో నాకు ఆ సాయంత్రమే తెలుసు. తెలిసీ చెప్పలేదు. మా అత్తగారు మేత ఎక్కువ వేసి చంపేశారని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను.

నా పనే నీళ్లు చూడటం. ఏలూరులో ఉంటూ కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులన్నీ తిరుగుతాను. సీసాలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును బట్టి నీళ్లు ఎలా ఉన్నాయో రైతుకు చెబుతాను. పసుపు రంగు వస్తే నీళ్లు పులిశాయని, అంటే ఆమ్లం ఎక్కువైందని అర్థం. అప్పుడు సున్నం చల్లమంటాను. పడవలో బస్తాలు వేసుకుని చెరువంతా చల్లుకుంటూ పోతారు. నాలుగు రోజుల్లో బొచ్చెలూ శీలావతులూ మళ్లీ మేతకు వస్తాయి. ఈ వైద్యం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి.

తొట్టె కొన్నది నా భార్య. హాల్లో టీవీ పక్కన పెట్టి, గోల్డ్‌ఫిష్‌లు వేసింది. "ఎకరాల చెరువులు చూసి వచ్చేవాడికి బిందెడు నీళ్లు చూపిస్తావేంటి?" అని నవ్వాను. నేను పెద్దగా పట్టించుకోలేదు గానీ అత్తగారికి మాత్రం అది ప్రాణమైపోయింది. ఆవిడది ముదినేపల్లి దగ్గర పల్లెటూరు. మామగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. భోజనం కాగానే తాంబూలం పళ్లెం తెచ్చుకుని, తొట్టె ముందు కుర్చీ వేసుకుని, ఆకుకు సున్నం రాస్తూ చేపలతో మాట్లాడేవారు.

"ఉండండర్రా, వస్తున్నా. ఏమ్మా, వీటికి ఇంకా పెట్టలేదా?"

"పొద్దున్నే పెట్టానమ్మా," అని వంటింట్లోంచి నా భార్య.

"పెడితే ఇలా నోళ్లు తెరుచుకుని చూస్తాయా?"

మేత గుళికలు వేసేవారు. ఎవరూ చూడకపోతే రెండు అన్నం మెతుకులు కూడా. తాడేపల్లిగూడెం నుంచి మా బావమరిది వచ్చినప్పుడల్లా ఏడిపించేవాడు. "పెరుగన్నం కూడా కలిపి పెట్టమ్మా. ఆఖర్న ఆకూ వక్కా ఇచ్చేయ్, పెళ్లి భోజనం పూర్తవుతుంది."

ఒకరోజు పొద్దున ఉంగుటూరు వైపు బయల్దేరుతూ చూస్తే చేపలు మందకొడిగా ఉన్నాయి. బ్యాగులో సీసా ఉంది కదా అని నీళ్లు పట్టి చూశాను. పసుపు రంగు వచ్చింది. చేతిలో బస్తా లేదు గానీ ఎదురుగా అత్తగారి సున్నం డబ్బా ఉంది. వేలితో ఇంత తీసి, గ్లాసు నీళ్లలో కలిపి, తొట్టెలో పోసి వెళ్లిపోయాను. మళ్లీ రంగు చూద్దామని కూడా అనిపించలేదు.

చెరువుకు అడుగున మట్టి ఉంటుంది. వేసిన సున్నంలో సగం అదే మింగుతుంది. గాజుకు ఏముంది? పైగా నెలల తరబడి మార్చని నీళ్లలో అమ్మోనియా పేరుకుని ఉంటుంది. నీళ్లు పుల్లగా ఉన్నంతసేపు అది పెద్దగా హాని చేయదు. ఒక్కసారిగా పులుపు విరిగిందా, విషమవుతుంది. ఈ మాట ఎన్ని చెరువు గట్ల మీద చెప్పానో లెక్కలేదు. ఇంట్లో మాత్రం గుర్తు రాలేదు.

సాయంత్రం వచ్చేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. అత్తగారు తొట్టె ముందే కూర్చుని ఉన్నారు.

"మధ్యాహ్నం చెయ్యి జారి గుళికలు కాస్త ఎక్కువ పడ్డాయండీ, అల్లుడుగారూ. అందుకేనంటారా?"

నీళ్ల సంగతి తెలిసినవాణ్ణని నన్ను అడిగారు.

"మేత ఎక్కువైతే నీళ్లు పాడవుతాయండీ, అత్తయ్యగారూ," అన్నాను.

అందులో అబద్ధం లేదు. నిజంగా మేత ఎక్కువైతే నీళ్లు పాడవుతాయి. ఆ నిజం చాటున దాక్కున్నాను.

మర్నాటి నుంచి ఆవిడ కుర్చీ వరండాలోకి వెళ్లింది. నా భార్య కొత్త చేపలు తెచ్చింది గానీ ఆవిడ గుళికల డబ్బా ముట్టుకోలేదు. ఒకసారి నేనే ఇవ్వబోతే, "వద్దులెండి, నా చెయ్యి మంచిది కాదు," అన్నారు.

తొట్టె పని నా మీద వేసుకున్నాను. మొదట సిగ్గుతో చేశాను, తర్వాత ఇష్టంతో. ఆదివారం పూట పావు వంతు నీళ్లు తీసేస్తాను, అంతకుమించి తియ్యను. కుళాయి నీళ్లు ముందురోజే బకెట్లో పట్టి, మందు చుక్కలు వేసి క్లోరిన్ విరగనిస్తాను. ఫిల్టరులో స్పాంజిని కుళాయి కింద కడగను, తీసిన పాత నీళ్లలోనే పిండుతాను. నీళ్లను శుభ్రం చేసే సూక్ష్మజీవులు కాపురముండేది దానిలోనే. కొల్లేరు గట్టున ఏరిన నత్తగుల్లలు బాగా కడిగి, ఎండబెట్టి, గుడ్డలో మూటకట్టి ఫిల్టరులో పెట్టాను. గుల్లలోనూ ఉండేది సున్నమే గానీ, నీళ్లు పులిసేకొద్దీ నెమ్మదిగా కరుగుతుంది. ఇప్పుడు ఏ వారం చూసినా సీసాలో ఒకే లేత ఆకుపచ్చ. ఆ రంగు చూసినప్పుడల్లా హాయిగా ఉంటుంది. ఆ హాయి పంచుకోవలసిన మనిషి మాత్రం వరండాలో, ఇటు వీపు పెట్టి ఆకులు తుడుచుకుంటూ ఉండేవారు.

మొన్న ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. భోజనాల దగ్గర, తొట్టె వైపు తల తిప్పిన అత్తగారిని చూసి, "అటు చూడకమ్మా, నీ చూపుకే తేలిపోతాయి," అన్నాడు. అందరం నవ్వాం. అత్తగారు కూడా నవ్వారు, తన తప్పును ఒప్పుకున్నట్టు తల వంచుకుని. నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"అత్తయ్యగారూ, ఆ చేపల్ని చంపింది మీ మేత కాదండీ. నేను. నీళ్లు పులిశాయని మీ డబ్బాలో సున్నం తీసి కలిపాను."

పప్పు గరిటె పట్టుకుని నా భార్య అలాగే నిలబడిపోయింది. బావమరిది ముందు తేరుకున్నాడు. "ఏంటండీ బావగారూ, చెరువులకి డాక్టరు గారు! ఇంట్లోనే కేసు పోగొట్టుకున్నారా?"

"నువ్వుండరా," అన్నారు అత్తగారు. నా వైపు చూశారు. "నా సున్నమా అండీ? ఆ రోజు డబ్బాకి మూత లేదని అమ్మాయిని నానా మాటలూ అన్నాను."

"అదుగో! ఇన్నాళ్లకి తేలింది," అంది నా భార్య.

"అప్పుడే చెప్పొచ్చు కదండీ, అల్లుడుగారూ. నేనేమంటాను?"

"సిగ్గేసిందండీ. ఊరందరికీ నీళ్ల గురించి చెప్పేవాణ్ణి కదా."

భోజనాలయ్యాక వరండాలోకి వెళ్లాను. ఆవిడ కుర్చీ తెచ్చి తొట్టె ముందు వేశాను. ఆవిడ వచ్చి కూర్చున్నాక గుళికల డబ్బా చేతిలో పెట్టాను. చేపలు అప్పుడే అద్దం దగ్గరికి చేరుతున్నాయి.

"తప్పు చేసింది నేనండీ. దాన్ని మీ మీద పడనిచ్చి, ఇన్నాళ్లూ మిమ్మల్ని వరండాలో కూర్చోబెట్టాను. నన్ను క్షమించండి, అత్తయ్యగారూ," అన్నాను.