వట్టివేళ్ళ వాసన

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. సుబేదారిలో పట్టపగలు, నలుగురి మధ్య చూసింది మాత్రం చెబుతాను.

మా అమ్మ చెల్లెలు షకీరా ఖాలా జంపఖానాల మీద నేసే డిజైన్లు గీసేది. మేమంతా ఖిలా వరంగల్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. పనికి కూర్చునే ముందు వట్టివేళ్ళ అత్తరులో దూది ముంచి చెవి మడతలో పెట్టుకునేది. "గీ వాసనుంటే మనసు ఒక్కకాడ కూసుంటది బిడ్డా. రంది గుడ దగ్గరికి రాదు" అనేది. నిజమే, చెవిలో ఆ దూది ఉంటే పిలిచినా పలికేది కాదు.

ఆమె దగ్గర పని నేర్చుకున్న రెహానా అక్కకూ ఆ అలవాటే అబ్బింది. కాకపోతే ఆమెది గులాబీ అత్తరు.

ఖాలా జబ్బుపడి దవాఖానలో ఉన్నప్పుడు, భద్రంగా దాస్తానని రెహానా డిజైన్ కాగితాలన్నీ పట్టుకెళ్ళింది. కొన్నాళ్ళకు అవి ఆమె పేరుతో సుబేదారిలోని ఒక షోరూం గోడల మీద కనిపించాయి. నా ఫోన్‌లో ఆ ఫొటోలు చూసి ఖాలా ఏడవలేదు.

"ఇగ అది పెన్సిల్ ఎట్ల పడ్తదో నేను గుడ చూస్త" అంది. ఆ కోపంతోనే పోయింది.

ఆ తర్వాత ఒకరోజు, షోరూంలో కొనేవాళ్ళ ముందు రెహానా కొత్త డిజైన్ గీసి చూపిస్తుందని తెలిసింది. అందరిలో నిలదీద్దామని వెళ్ళాను.

ఆమె గులాబీ దూది చెవిలో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి హాలంతా వట్టివేళ్ళ వాసన. "మస్తుంది, ఏం అత్తరు?" అని ఎవరో అడిగారు కూడా. రెహానా మొహం పాలిపోయింది. దూది తీసి విసిరేసింది. వాసన ఇంకా చిక్కబడింది.

అప్పుడు పెన్సిల్ ఆమె ఎడమచేతిలోకి మారింది. ఖాలాది ఎడమచేతి వాటం. రెహానాది కాదు.

గీతలు ఆగకుండా పడుతున్నాయి. "ఎవరన్న నా చెయ్యి పట్టుర్రి!" అని రెహానా ఏడ్చింది. షోరూం యజమాని పట్టుకున్నాడు. ఆగలేదు. డిజైన్ పూర్తయ్యాక దాని కింద ఆ చెయ్యి ఉర్దూలో ఒక పేరు రాసింది. రెహానాకు ఉర్దూ అక్షరం రాదు.

"ఏం రాసిన్రు ఇది?" అన్నాడు యజమాని.

నేను ముందుకెళ్ళి చదివాను. "షకీరా. మా ఖాలా. గోడకున్నయన్నీ ఆమె గీసినయే."

ఆ సాయంత్రమే రెహానా పేరు తీసేశారు. అప్పటినుంచి పెన్సిల్ పడితే ఆమె రెండు చేతులూ వణుకుతాయి. నరాల్లో ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. తప్పు చేసిన మనసు అలా ఆడిస్తుందన్నారు కొందరు. కావచ్చు. మరి రాని ఉర్దూ ఎలా రాసింది? ఆ వాసన మా అందరికీ ఎలా తగిలింది?

భయం వేయలేదా అని అడుగుతారు. లేదు. కడుపు చల్లబడింది.

మొన్న రెహానా మా ఇంటికొచ్చింది. "మీ ఖాలాకు చెప్పు తమ్మీ, జర మాఫ్ చెయ్యుమను" అని బతిమాలింది. శుక్రవారం నమాజు అయ్యాక ఖబరస్తాన్‌కు వెళ్ళి ఖాలా పక్కన చాలాసేపు కూర్చున్నాను. ఇంటి సంగతులన్నీ చెప్పాను. ఆ మాట ఒక్కటి చెప్పలేదు.