కంప్యూటర్ కార్డులకు అతుకులు

కంప్యూటర్‌ను చెడగొట్టినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. దాని మొహం చూడకుండా, అది ఉన్న ఊరికి వెళ్లకుండా, తిరువూరులో కుర్చీ మీంచి లేవకుండా దాని నోరు మూయించినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆ ఘనకార్యం జరిగిన మూడు రోజుల డైరీ ఇప్పుడు నా ముందుంది. అక్షరాలు కుదురుగా ఉన్నాయి. బుద్ధి సంగతి మీరే చెబుదురుగాని.

అవి డెబ్బయ్యో దశకం నడిమి సంవత్సరాలు. మామిడితోటల సర్వే ఆఫీసులో నేను టెంపరరీ గుమాస్తాను. తోటతోటకూ సైకిలు తొక్కి, చెట్లెన్ని, వయసెంత, కాపెంత అని ఫారాలు నింపాను. ఆ వివరాలను విజయవాడలో అట్టకార్డుల్లోకి ఎక్కించి హైదరాబాదులో ఉన్న కంప్యూటర్‌కు పంపుతారట. అది గంటలో లెక్క తేలుస్తుందట. లెక్క తేలితే నెలాఖరుకు టెంపరరీ వాళ్లమంతా ఇంటికే. "పని పద్ధతిగా చేసి చూపించవయ్యా, నిన్ను పర్మనెంటు చెయ్యమని రాస్తాను" అని మా ఆఫీసరుగారు మాటిచ్చారు. ఇక చూడండి, పద్ధతి చూపించడానికి నేను అదను కోసం కాచుక్కూర్చున్నాను.

ఒక ఉదయం విజయవాడ బస్సు టాపు మీంచి చెక్కపెట్టె ఒకటి దిగింది. లోపల నూట ఎనభై కార్డులు, పైన ఒక చీటీ: "కార్డులు చెమ్మకు ఉబ్బి మెషీనులో ఇరుక్కుంటున్నాయి. ఇక్కడ మనుషులు చాలరు. బాగుచేసి వెంటనే పంపండి." ఆఫీసరుగారు రెడ్డిగూడెం క్యాంపులో ఉన్నారు. నేనూ, మా అటెండరు ఏసోబూ మాత్రమే ఉన్నాం. ఏసోబుకు నాకన్నా ఇరవై ఏళ్లు ఎక్కువ. నాకు తనకన్నా డిగ్రీ ఒకటి ఎక్కువ. ఆ డిగ్రీయే కొంప ముంచింది.

ఒక కార్డు తీసి వెలుతురుకు పెట్టి చూశాను. ఒళ్లంతా చిల్లులే! ఇడ్లీపాత్రలో రేకు నయం.

"చూశావా ఏసోబూ, చెమ్మకు పురుగు పట్టేసింది."

ఏసోబు కార్డును అటూ ఇటూ తిప్పాడు. "పురుగు తింటే వంకరటింకరగా తింటదండి. ఇదేంటండీ, ఉలి పెట్టి చెక్కినట్టు నలుపలకలుగా ఉంది?"

"గవర్నమెంటు కార్డుల్లో పురుగు ఏసోబూ. పద్ధతిగానే తింటుంది."

"మరి అంచు ముట్టుకోకుండా నడిమే తిన్నదేంటండీ?"

"నువ్వు మైదా ఉడికించు."

మైదా ఉడికింది. పురుగు మళ్లీ రాకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కూడా కలిపించాను, ముందుచూపు చూడండి! అతుక్కి కాగితం కావాలి. మామూలు తెల్లకాగితం పలచన. దళసరిగా ఉన్నవి మా సర్వే ఫారాలే.

"అవి కత్తిరిస్తారా బాబూ? ఆఫీసరుగారిని ఒక్కమాట అడగండి."

"ఫారాల్లో ఉన్నదంతా కార్డుల్లోకి ఎక్కిపోయింది. ఇంకా ఇవెందుకు? కట్టలు కట్టి ఎలుకలకు పెట్టడానికా?"

మూడు రోజులు మేమిద్దరం తలెత్తలేదు. నేను కత్తిరించడం, అతను అతకడం. ఆరబెట్టి, పత్తి కొట్లోంచి తూకపురాళ్లు అరువు తెచ్చి వాటి కింద అణిచాం. ఏ కార్డుకు ఎన్ని చిల్లులు పూడ్చామో డైరీలో వరసగా రాశాను. మొత్తం ఆరువేల నాలుగువందల పన్నెండు. క్యాంపు నుంచి వచ్చిన ఆఫీసరుగారు తాడు కట్టిన పెట్టెను చూసి ఎంతో సంతోషించారు. "స్వయంగా నువ్వే తీసుకురా. నీ పనితనం వాళ్లకూ తెలియాలి" అని నన్ను వెంటబెట్టుకుని విజయవాడ బస్సెక్కారు.

తెలిసింది. అక్కడి మెషీన్ల ఇంజనీరు పెట్టె తెరిచి, ఒక కార్డును కిటికీకేసి పట్టుకుని చూశాడు. ఇంకొకటి చూశాడు. పది చూశాడు.

"చిల్లులేవీ?"

"లేవండి!" అన్నాను ఛాతీ పొంగించి. "ఒక్కటి కూడా లేదు. కావాలంటే అన్నీ చూసుకోండి."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "అయ్యా, కంప్యూటర్ చదివేది ఆ చిల్లుల్నేనయ్యా! ఒక్కో చిల్లూ ఒక్కో అంకె. ఆరబెట్టి చదును చెయ్యమన్నాం గానీ పూడ్చమన్నామా?"

జేబులోంచి డైరీ తీశాను. "ఏ కార్డుకు ఎన్ని చిల్లులో రాసుకున్నానండి."

"ఎక్కడెక్కడ ఉన్నాయో రాశావా?"

"అది... రాయలేదండి."

ఆఫీసరుగారు దగ్గి, పెద్దమనిషిలా సర్దిచెప్పబోయారు. "పోనీలెండి. అసలు ఫారాలు మా దగ్గరున్నాయి. మళ్లీ కొట్టించుకుందురుగాని." నావైపు తిరిగి, "ఫారాలు భద్రంగా ఉన్నాయి కదయ్యా?"

"ఉన్నాయండి."

"ఎక్కడ?"

వేలితో పెట్టెవైపు చూపించాను. "అందులోనే ఉన్నాయండి. ముక్కలుగా."

ఆఫీసరుగారు ఒక కార్డు ఎత్తి, అతుకు మీద మిగిలిన నా దస్తూరీని చాలాసేపు చదివారు. 'బంగినప' వరకే ఉంది. మర్నాడు పిలిచారు. ఇక ఇంటికేనని టిఫిన్ డబ్బా, గొడుగు సర్దుకునే వెళ్లాను.

"నిన్ను ఇవాళే తీసెయ్యాలి. కానీ తోటలన్నీ మళ్లీ మొదట్నుంచి తిరగాలి. ఇక్కడి దారులు నీకే తెలుసు. ఇంకో ఏడాది పొడిగిస్తున్నాను, ఫో!"

అలా మళ్లీ సైకిలెక్కాను. వినగడపలో ఒక రైతు నన్ను చూసి, "ఏంటయ్యా, మొన్నేగా లెక్కపెట్టుకుపోయావ్? నమ్మకం కుదర్లేదా, చెట్లు నడిచిపోతాయనా?" అన్నాడు. తల వంచుకుని మళ్లీ మొదటి చెట్టు నుంచి లెక్కపెట్టాను. ఆ ఏడాది గడిచేలోపే టెంపరరీ వాళ్లను పర్మనెంటు చేస్తూ ఉత్తర్వులొచ్చాయి. మిగతా తాలూకాల్లో పద్ధతిగా పని ముగించి నెలాఖరుకు ఇంటికెళ్లిన గుమాస్తాలకు ఆ అదృష్టం పట్టలేదు. ఉత్తర్వు చేతికిస్తూ ఏసోబు, "మైదా ఖర్చు గిట్టింది బాబూ" అన్నాడు.

అయినా తప్పు తప్పే. కనుక పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎక్కడ ఏ చిల్లు కనబడినా, అదక్కడ ఎందుకుందో విచారించనిదే దాన్ని పూడ్చను. నిరుడు మా దోమతెరకు చిల్లు పడితే, అది ఏ పనికీ ఉద్దేశించింది కాదని మా ఆవిడ రెండుసార్లు హామీ ఇచ్చాకే సూది పట్టాను.