గిజెల్లా వంటింటి గడప

గిజెల్లా బడి వంటశాలలో ముప్ఫై ఎనిమిదేళ్లు గరిటె తిప్పింది. రోజూ రెండొందల మంది పిల్లలకి వండిపెట్టిన చెయ్యి కదా, ఇంట్లో ఇద్దరికి వండమంటే ఇప్పటికీ దానికి కొలత తెలీదు. ఎనిమిది మందికి సరిపడా చిక్కుడుగింజల పులుసు కాస్తుంది. మిగిలిందంతా ఇన్నేళ్లూ పెరట్లో కుక్కలు తిన్నాయి. మొగుడు వెండెల్ వేటగాడు. వాళ్లింట్లో ఇప్పటికి ఆరు వేటకుక్కలు బతికాయి. ఆరూ జర్మన్ జాతివే, ఆరూ పెరట్లోనే పెరిగి పెరట్లోనే ముసలివయ్యాయి. వంటింటి గడప మాత్రం ఒక్కటీ దాటలేదు. దాటబోయినవాటికి గిజెల్లా చీపురు బాగా గుర్తు.

ఆరోది చలికాలం చివర్లో పోయింది. వసంతంలో వెండెల్ గుండె ఒకసారి మొరాయించింది. ఆస్పత్రి నుంచి పంపుతూ డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది: రోజూ నడవాలి, పొలాల్లోకి మాత్రం ఒంటరిగా పోకూడదు. రెండోమాట విన్నాక వెండెల్ మొదటిమాట కూడా మరిచిపోయాడు. టోపీ మేకుకి తగిలించి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, తిసా నది కట్ట వైపు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ కుర్చీని చూస్తే గిజెల్లాకి ఒళ్లు మండేది, ఆ వెంటనే భయం వేసేది. మనిషి కళ్లముందే ఎండిపోతున్నాడు. కుక్క ఉంటే లేస్తాడని ఆమెకి తెలుసు.

ఏ కుక్క అన్న దగ్గరే పేచీ వచ్చింది. వేటస్నేహితుడు బర్నబాష్ దగ్గర ఏడాది వయసున్న జర్మన్ మగకుక్క ఉంది, పేరు విహర్. అంటే తుఫాను, పేరుకి తగ్గట్టే ఉంటుంది. పక్క ఊరి పంతులమ్మ దగ్గర హంగరీ జాతి ఆడకుక్క ఉంది. కాల్చిన రొట్టె రంగులో ఉంటుందని దానికి జెమ్లె అని, అంటే బన్ను అని పేరు పెట్టారు. ఇద్దరూ తమ కుక్కల్ని చెరో వారం ఉంచుకు చూసుకోమన్నారు. హంగరీలో పుట్టి జర్మన్ కుక్కని పెంచుతావా అని వేటగాళ్ల సంఘంలో వెండెల్‌ని ముప్ఫై ఏళ్లుగా ఆటపట్టిస్తూనే ఉన్నారు. ఆయన చలించలేదు. హంగరీది కుక్క కాదు, కొంగు పట్టుకు తిరిగే చంటిపిల్ల అన్నాడు. పెరట్లో పడుకోబెడితే ఏడుస్తుందట, మనిషి పక్కన లేకపోతే ముద్ద ముట్టదట.

"నీ గడప ఒప్పుకుంటుందా మరి?" అని చివర్లో తెలివిగా ఆమె మీదికే తోసేశాడు.

ఈ గోల ఎలాగూ తేలదని గిజెల్లాయే బూట్లు తొడుక్కుంది. పెళ్లయిన నలభై రెండేళ్లలో మొగుడి వెంట పొలాల్లోకి పోవడం అదే మొదలు.

మొదటి వారం విహర్ వంతు. వదలడం ఆలస్యం, మొక్కజొన్న చేను అవతల తేలింది. అది పరిగెత్తుతుంటే గిజెల్లాకే ముచ్చటేసింది. చేను చివర అడవికోడి వాసన తగిలినట్టుంది, ఒక కాలు ముడిచి, తోక నిగిడించి, రాయిలా నిలబడిపోయింది. వెండెల్ అటు నడవబోయి సగం దారిలో కాలువ గట్టు మీద కూలబడ్డాడు. ముఖం పాలిపోయింది. ఏమీ లేదు, ఆయాసం అన్నాడు. గిజెల్లా ఆయన జేబులోంచి మాత్ర తీసి నాలిక కింద పెట్టింది. పావుగంట గడిచింది. విహర్ అక్కడే, అదే కాలు ముడుచుకుని, ఒక్క వెంట్రుక కదల్చకుండా యజమాని కోసం ఎదురుచూస్తోంది.

"చూశావా, ఎంత గొప్ప కుక్కో," అన్నాడు వెండెల్, ఊపిరి అందీ అందకుండానే.

నేను లేని రోజున ఇదే జరిగితే ఏంటి గతి అనుకుంది గిజెల్లా.

రెండో వారం జెమ్లె వచ్చింది. పెరట్లో కట్టేస్తే మొదటిరోజే వీధంతా వినేలా ఏడ్చింది. గిజెల్లా వంట చేస్తుంటే గడప బయట పడుకుని, గడప మీద గడ్డం ఆనించి, ఆమె అటు తిరిగినప్పుడల్లా ఒక అంగుళం లోపలికి జరిగేది. చీపురు చూపిస్తే రెండంగుళాలు వెనక్కి పోయేది. కుక్కని అందలమెక్కిస్తే కుచ్చులన్నీ కొరికిందని ఊరికే అన్నారా అని గిజెల్లా గొణిగింది.

పొలంలో జెమ్లె కూడా బాగానే పరిగెత్తింది, కానీ నిమిషానికోసారి వెనక్కి తిరిగి వెండెల్‌ని చూసుకునేది. అదే చేను చివర కోడి వాసన పట్టింది, అచ్చం విహర్ లాగే కాలు ముడిచి నిలబడింది. వెండెల్ నడక నెమ్మదించింది. అదే గట్టు దగ్గర ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. జెమ్లె తల తిప్పి చూసింది. కోడినీ వాసననీ అక్కడే వదిలేసి పరుగున వచ్చి, ఆయన బూటు మీద కూర్చుని, మోకాలికి తల ఆనించింది. వెనక కోడి రెక్కలు టపటపలాడిస్తూ లేచిపోయింది.

నాలిక కింద మాత్ర కరిగాక వెండెల్‌కి తలకొట్టేసినట్టయింది. "పక్షిని వదిలేసి వచ్చింది. ఇదొక వేటకుక్కా?"

"నిన్ను వదల్లేదు కదయ్యా," అంది గిజెల్లా. "నలభై రెండేళ్లుగా నేను చేస్తున్నదీ అదేగా. నన్నెప్పుడూ తిట్టలేదే?"

ఇంటికి చేరేదాకా జెమ్లె వెండెల్ అడుగుకి అడుగు కలిపి నడిచింది.

మధ్యాహ్నం గిజెల్లా పులుసు కుండ బల్ల మీద పెట్టింది. జెమ్లె మామూలుగానే గడప బయట గడ్డం ఆనించి పడుకుంది. వెండెల్ గొంతు సవరించుకున్నాడు. "అది పెరట్లో ఉండదు గిజీ. నీ గడప సంగతేంటి?"

గిజెల్లా పాత తువ్వాలు తెచ్చి గడప దగ్గర పరిచింది. నలభై రెండేళ్లుగా మొగుడికి చెప్పే మాటే చెప్పింది. "కాళ్లు తుడుచుకుని రమ్మను."

వెండెల్ చెంచా కింద పెట్టి, మేకుకున్న టోపీ తీసుకుని బయటికి పోయాడు. ఆ మేకు పక్కనే ఎండిపోయిన ఓక్ రెమ్మల కట్ట ఒకటి వేలాడుతూ ఉంటుంది. దెబ్బతిని పారిపోయిన జింకని కుక్క కనిపెడితే, వేటగాళ్ల ఆచారం ప్రకారం, వేట గుర్తుగా టోపీలో పెట్టుకున్న రెమ్మలో సగం విరిచి దాని మెడపట్టీకి గుచ్చాలి. కనిపెట్టినదాని వాటా అది. ఆ ఆరు కుక్కల వాటాలకి ఈస్టరుకి ఈస్టరుకి దుమ్ము దులిపేది గిజెల్లాయే.

వెండెల్ తిరిగొచ్చాడు. ఎదురింటి ఓక్ నుంచి తుంచిన పచ్చి రెమ్మ టోపీలో ఉంది. పొయ్యి పక్కన చుట్టుకు పడుకున్న జెమ్లె దగ్గర కష్టం మీద వంగి, అందులో సగం దాని మెడపట్టీకి గుచ్చాడు.

"తుపాకీ బయటికే తీయలేదు. అది ఏం కనిపెట్టిందని?" అంది గిజెల్లా.

"నన్ను," అన్నాడు వెండెల్. చేతిలో మిగిలిన సగాన్ని మళ్లీ రెండు చేసి, ఒక ముక్క తన టోపీకి పెట్టుకుని, రెండోది ఆమె తలగుడ్డలోకి దోపాడు.