పెద్దాయన ఆఖరి మ్యాచ్‌కి పిలుపు

మా బావగారు, అంటే మా ఆవిడ అన్నగారు, రెండేళ్ళపాటు నాతో ఫుట్‌బాల్ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. తప్పు నాదే. ఒప్పుకోడానికే చాలా కాలం పట్టింది.

మా ఇద్దరికీ ఆ పిచ్చి కువైట్‌లో పట్టింది. ఇద్దరం డ్రైవర్లం, ఒకటే గది. మాకు ముందున్నవాళ్ళు వదిలేసిన పాత టీవీలో ఇంగ్లండు మ్యాచ్‌లు వచ్చేవి. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు తెలిసి చచ్చేది కాదు. బావగారు చాప మీద ఉల్లిపాయలు పేర్చి నేర్పారు. ఆ ఏడాదే మేం అభిమానించే ఇంగ్లండు క్లబ్బుకి కొత్త మేనేజర్ వచ్చాడు. జట్టుని నడిపే పెద్దని అక్కడ అలాగే అంటారు. ఓడిపోయిన రోజున కూడా కుర్రాళ్ళ భుజం మీద చెయ్యేసుకుని నడిచేవాడు. మా యజమాని తిట్టిపోసిన రోజుల్లో ఆయన్ని చూసుకుని, "పెద్ద అంటే ఇలా ఉండాలండీ" అనుకునేవాళ్ళం. అలా ఆయన మాకు పెద్దాయన అయిపోయాడు. ఎంత హాయిగా ఉండేవో ఆ మ్యాచ్ రాత్రులు, ఆ ఇరుకు గదిలోనే!

తరవాత ఇద్దరం వచ్చేశాం. నేను రాజోలులో కొబ్బరి వ్యాపారం పెట్టాను. ఆయన ముమ్మిడివరంలో రొయ్యల చెరువులు వేశారు.

మా అమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు, హడావుడిలో పడి, శుభలేఖ ఫొటో తీసి అందరికీ వాట్సాప్‌లో పెట్టేశాను. అందరితోపాటు బావగారికీ వెళ్ళింది. పెళ్ళికూతురి మేనమామ! ఇంటికెళ్ళి, ఆయన భార్యకి బొట్టు పెట్టి పిలవాలి. మా ఆవిడ రోజూ పోరుతూనే ఉంది. "ఒకే కంచంలో తిన్నవాళ్ళం, మా మధ్య బొట్టేమిటే" అని కొట్టిపారేశాను. ఆయన వచ్చారు. మేనకోడల్ని బుట్టలో కూర్చోబెట్టి తెచ్చి పీటల దగ్గర దించారు. మంచినీళ్ళైనా ముట్టకుండా వెళ్ళిపోయారు.

ఆ తరవాత మా జట్టు గోల్ కొడితేనే ఫోన్ మోగేది.

"చూశేరా?"

"చూశానండీ."

"ఆయ్." కట్.

మొన్న వేసవిలో తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. పొద్దున్నే బావగారి ఫోన్. మ్యాచ్ లేని రోజున ఇదేమిట్రా అనుకుంటూ ఎత్తాను.

"పెద్దాయన మానేస్తున్నాడంటండీ. ఆదివారమే ఆఖరి మ్యాచ్."

"అయ్యో! ఎవరన్నారండీ?"

"ఆయనే చెప్పేడు. అలిసిపోయాడంట. ఇంకెందుకండీ మనకి ఆ ఆట? ఆ ఆఖరిది కూడా నేను చూడను." కట్.

రాజోలు సెంటర్లో టీ కొట్టు దగ్గర గల్ఫ్ నుంచి వచ్చిన మావాళ్ళు అప్పటికే చేరిపోయారు. ఆటో నడిపే ఆయన, "క్లబ్బువాళ్ళే పొమ్మనుంటారండీ, దొంగవెధవలు" అని బల్ల గుద్దాడు. సెల్‌ఫోన్ కొట్టాయన తాగకుండానే టీ చల్లార్చేసుకున్నాడు. నా దిగులు వేరు. ఆట పోతే బావగారు కూడా పోతారు. ఆయనతో నాకు మిగిలింది అదొక్కటే.

ఇంటికొచ్చి, 'ఆదివారం మా ఇంటికి రండి' అని మెసేజీ కొడుతున్నాను. మా ఆవిడ ఫోన్ లాగేసుకుంది.

"మళ్ళీ మెసేజీయా? సిగ్గు లేదూ మీకు? లేవండి ముందు!"

అంటూనే కుంకుమ భరిణె చీరకొంగున ముడేసుకుంది. బండి మీద ముమ్మిడివరం బయల్దేరాం. దారి పొడుగునా నాకు చివాట్లే.

బావగారు అప్పుడే చెరువు దగ్గర్నుంచి వచ్చినట్టున్నారు, కాళ్ళు కడుక్కుంటున్నారు. మా ఆవిడ వదినగారికి బొట్టు పెట్టి, పెళ్ళికి పిలిచినట్టే చెప్పింది.

"ఆదివారం మా ఇంట్లో ఆఖరి మ్యాచ్, అన్నయ్యా. వదినా నువ్వూ సాయంత్రానికే వచ్చెయ్యాలి. భోజనం మా ఇంట్లోనే."

"మ్యాచ్‌కి బొట్టేంటే, మతి గానీ పోయిందా?"

"పెళ్ళికి పిలవలేదు కదండీ," అన్నాను. "తప్పయిపోయింది బావగారూ."

ఆయన తువ్వాలుతో పాదాలు చాలాసేపు తుడుచుకున్నారు. "ఆయ్. చూద్దాం లెండి," అన్నారు.

ఆదివారం పొద్దుగూకకుండానే దంపతులిద్దరూ దిగారు. టీ కొట్టు దగ్గరి మావాళ్ళూ చేరారు. మ్యాచ్ మామూలుగానే సాగింది, గెలిచాం కూడా. అయిపోయాక పెద్దాయన మైదానం చుట్టూ నడుస్తూ, జనానికి చప్పట్లు కొడుతూ వెళ్ళాడు. జనమంతా లేచి పాడుతున్నారు. సెల్‌ఫోన్ కొట్టాయన ముక్కు చీదుకున్నాడు. బావగారు కళ్ళు తుడుచుకుంటూ, "చెప్పి వెళ్తున్నాడండీ, మర్యాదస్తుడు" అన్నారు. నాక్కూడా ఏడుపొచ్చేసింది, అందులో సగం పెద్దాయన కోసం కాదు. బావగారు పులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నారు.

సీజన్ అయిపోయింది. మళ్ళీ ఆటలు మొదలవడానికి నెలలు పడుతుంది. అప్పటికి ఆయన చూస్తారో లేదో, కొత్త మేనేజర్ వస్తే మనసు మారుతుందో లేదో అని నాలో నేనే గింజుకున్నాను.

తరవాతి శనివారం సాయంత్రం కొబ్బరి లోడు పంపించి ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగింది. బావగారు.

"ఈవేళ మ్యాచ్ లేదండీ బావగారూ," అన్నాను కంగారుగా.

"తెలుసండీ. ఊరికే చేశాను."

మా ఆవిడ ఫోన్ కోసం చెయ్యి చాపింది. నేనివ్వలేదు.